ప్రింటరులోంచి నాయనమ్మ

కాలం చేసిన మా నాయనమ్మను అమలాపురంలో ఓ నెట్ సెంటర్లో నలుగురి ముందూ లేపి కూర్చోబెట్టిన ఘనురాలిని నేనే. నవ్వుకోండి గానీ, మా వాళ్లెవరికీ చెప్పకండి.

అప్పట్లో అల్గారిథమ్స్, డేటా స్ట్రక్చర్స్ నేర్పే ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సులో చేరాను. రోజుకో లెక్క. సాయంత్రం ఐదులోగా పంపకపోతే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు. ఇంకా ఏమీ రాకముందే నేను ప్రోగ్రామర్నని వీధంతా చాటుకున్నాను కనక, పేరుతోపాటు పరువూ పోతుంది. ఆనాటి లెక్క ఏమిటంటే, మీ వంశవృక్షాన్ని ట్రీగా కట్టి, పెద్దల దగ్గర మొదలెట్టి ఒక్కొక్కరి పిల్లల పేర్లూ వరసగా అచ్చు వేయించడం. ఓస్ ఇంతేనా అనుకున్నాను. పిల్లకాకికేం తెలుసు ప్రింటరు దెబ్బ!

ఆ పొద్దున్నే నాయనమ్మ తద్దినం. "కాస్త తొందరగా కానివ్వండి పంతులుగారూ, అమ్మాయికి కంప్యూటరు పనుందండి" అని మంత్రాలను పరుగులు పెట్టించి, నాన్నగారు నన్ను స్కూటరు మీద నెట్ సెంటర్లో దింపి పక్కనే కూర్చున్నారు.

నాలుగున్నరకి మబ్బు కమ్మి గదంతా చీకటైంది. నేను మీట నొక్కాను. ప్రింటరు కర్రుమంది.

సీతారత్నం. సత్యం. సీతారత్నం. సత్యం.

సీతారత్నం మా నాయనమ్మ. సత్యం మా నాన్నగారు. కాగితం నేల మీదకి పాకుతోంది గానీ ఆగదే!

"ఏంటమ్మా ఇది? మా అమ్మ నన్ను పిలుస్తుందేంటి?" అన్నారు నాన్నగారు, కుర్చీ వెనక్కి జరుపుకుంటూ.

"ప్రోగ్రామండి, నాన్నగారూ."

"ప్రోగ్రాముకి నాతో ఏం పని? పొద్దున్న తొందరపెట్టేనని కోపమొచ్చిందే ఆవిడకి!"

ఏ మీట నొక్కినా పిలుపు ఆగలేదు. ఇంతలో కరెంటు పోయింది. కంప్యూటరు బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది గానీ, ప్రింటరు నోరు మూసింది. సెంటరు యజమాని రాంబాబుగారు ఊపిరి పీల్చుకుని, "ఆయ్, శాంతించేరండి" అన్నారు.

కరెంటు వచ్చింది.

సత్యం. సీతారత్నం. సత్యం.

ఇద్దరు కుర్రాళ్లు గొడుగులు వదిలేసి వానలోకి దూకారు. నాన్నగారు చెప్పులు విడిచి ప్రింటరుకి దణ్ణం పెట్టారు. "తప్పైపోయిందే అమ్మా! వచ్చే ఏడు సాయంత్రం దాకా కూర్చుంటానే!"

రాంబాబుగారు కళ్లు మూసుకుని ప్రింటరు ప్లగ్గు పీకేశారు.

అప్పుడు వెలిగింది నాకు. మా వాళ్లు నాకు పెట్టిందీ నాయనమ్మ పేరే! నేనేమో మనుషుల్ని పేరుతోనే వెతకమని రాశాను. సీతారత్నం కొడుకు సత్యం, సత్యం కూతురు సీతారత్నం. ఆ సీతారత్నం పిల్లలెవరని చూస్తే మళ్లీ సత్యమే. అది వంశవృక్షం కాదండీ, గానుగ. గబగబా ఒక్కొక్కరికీ ఒక నంబరిచ్చి, పేరు బదులు దాంతోనే వెతకమని మార్చి, ఐదుకి రెండు నిమిషాలుందనగా పంపేశాను.

"భయం లేదండి నాన్నగారూ. నన్నూ నాయనమ్మనూ ఒకరే అనుకుందండి కంప్యూటరు."

నాన్నగారు చెప్పులు తొడుక్కుంటూ అన్నారు, "మరి నువ్వు పుట్టినప్పట్నుంచీ నేనూ అదే అనుకుంటున్నాను కదమ్మా. తప్పెక్కడుంది?"

నేను ప్రింటరు వంక ఓసారి ఓరగా చూశాను.

ఆ ప్రింటరు సాక్షిగా ఒట్టేశాను. నంబరు లేనిదే ఏ మనిషినీ, నా కడుపున పుట్టినవాళ్లనైనా సరే, కంప్యూటరులోకి రానివ్వను. ఒకటో నంబరు మాత్రం నాయనమ్మకే ఇచ్చాను. మళ్లీ కోపమొస్తే ఎవరు పడతారండీ!