కల్ అంటే రేపా, నిన్నా?

ఆ రోజుల్లో నరసరావుపేటలో మా పెద్దమావయ్య తన వేరుశనక్కాయల గోడౌనును సినిమాహాలుగా మార్చినప్పుడు అందులో ఉన్నవి ఇవి: ప్రొజెక్టరు ఒకటి, బయట ఆయిలింజను ఒకటి, తెర ఒకటి (కుడివైపు కింద అతుకు), బెంచీలు ఇరవై ఆరు, కుర్చీలు పద్దెనిమిది, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య నడుమెత్తు తడిక ఒకటి, రేకుల కప్పుకు నేను లెక్కపెట్టినంతవరకు నలభై మూడు చిల్లులు. మనుషులం నలుగురం: మావయ్య, ఆయిలింజను నడిపే ఇంజన్ చాచా, అర్థం మాస్టారు, నేను. (ఆరేళ్ళ కిందటి సంగతికి "ఆ రోజుల్లో" ఏమిటని మీరు నవ్వవచ్చు. కానీ యుద్ధం నడుస్తున్నప్పుడు ఆ రేకుల కింద మధ్యాహ్నం ఆటలు వేసినవాడికి ఒక్కో ఏడాది రెండేళ్ళ బరువు.)

నేను మద్రాసులో ఎల్.ఎం.ఇ. ప్యాసై, రైల్వే వాళ్ళ జవాబు కోసం ఎదురుచూస్తున్నాను. ఆ జవాబు రాలేదు గాని మావయ్య కబురు వచ్చింది. "ఇంజనీరు చదివినోడివి, ఒక మిషను తిప్పలేవంట్రా?" అన్నాడు. తిప్పగలను. ఆపరేటరు పెట్టె ఆరడుగులకు ఐదడుగులు. అందులో బొమ్మకు వెలుగిచ్చే మండే కార్బను కడ్డీలు రెండు, వాటి పొగ, నేను. చొక్కా తీసేసి, తడిగుడ్డ మెడకు చుట్టుకుని, పావుగంటకొకసారి రీలు మార్చేవాణ్ణి. మిషను ఒక్కటే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. అలసట నాకు ఆ పెట్టెలోనే పరిచయమైంది, ఇప్పటికీ వదల్లేదు. దానికితోడు సినిమా కళ మీద ఇంగ్లీషు పత్రిక ఒకటి మద్రాసు నుంచి తెచ్చుకున్నాను. ఇరవై రెండేళ్ళ వయసులో అన్నీ తెలుసుననుకోవడం కూడా ఒక చాకిరీయే. ఆ చాకిరీ మాత్రం నేను లోపం లేకుండా చేశాను.

అర్థం మాస్టారు సంగతి చెప్పాలి. ఆయన ఒకప్పుడు మిషన్ బడిలో పంతులు. ఆ బడి మూతపడ్డాక, ఆదివారాలు చర్చిలో వాక్యం చదివే ఆ గొంతును మావయ్య హాలుకు తెచ్చుకున్నాడు. అరవ బొమ్మ వచ్చినా, హిందీ బొమ్మ వచ్చినా, మాస్టారు తెర పక్కన పీటమీద నిలబడి, రేకుతో చేసిన గొట్టంలోంచి జనానికి కథ చెప్పేవాడు. ప్రతి మాటా "దీనర్థమేమనగా" అని మొదలయ్యేది, అందుకే ఆ పేరు. ఇంట్లో ఆరుగురు తినేవాళ్ళు. ఆ గొట్టం తప్ప ఆయనకు వేరే ఆధారం లేదు. ఇది తెలిసి కూడా, హాలు బాగుపడటానికి పదకొండు సూచనలని ఒక రిపోర్టు రాసి మావయ్య చేతిలో పెట్టాను. మొదటి సూచన: "బొమ్మే మాట్లాడుతున్నప్పుడు పక్కన మనిషి మాట్లాడటం అనవసరం. వ్యాఖ్యానం ఆపవలెను." కింద గీత గీశాను. స్కేలు పెట్టి.

అప్పుడే బొంబాయి నుంచి ఒక హత్య బొమ్మ వచ్చింది. రీళ్ళు తిప్పి చూసుకుంటూ మొదటి ఘట్టాన్ని బల్లమీద అడుగుల లెక్కన కొలిచాను. ముందు ఒట్టి చీకటి, పాట లేదు, వాద్యం లేదు. తర్వాత ఒక జత బూట్లు నడుస్తుంటాయి, పద్నాలుగు అడుగుల ఫిల్ము, అంటే తొమ్మిది సెకన్లు. తర్వాత గోడగడియారం, పది అడుగులు. తర్వాత టెలిఫోను పట్టుకున్న చెయ్యి, ఆరు. మళ్ళీ బూట్లు, మూడు. ముఖం చూపించరు. ముక్కలు పొట్టివవుతున్నకొద్దీ చూసేవాడి ఊపిరి పొట్టిదవుతుంది, ముఖం దాచినకొద్దీ భయం పెరుగుతుంది, నిశ్శబ్దంలో గడియారం టిక్కుమన్నా గుండెకు తగులుతుంది. పత్రికలో ఉన్నది ఇదే, తెరమీద ఉన్నదీ ఇదే. ఇంత శాస్త్రం మధ్యలో రేకు గొట్టమా? మావయ్యకు నచ్చజెప్పాను. శనివారం మధ్యాహ్నం ఆటకు మాస్టారిని రావద్దన్నాడు. ఆయన వచ్చి, గొట్టం ఒళ్ళో పెట్టుకుని, చివరి బెంచీ మీద కూర్చున్నాడు.

తెరమీద చీకటి మొదలైంది. ఐదు సెకన్లు కాకముందే కింద నుంచి, "ఒరేయ్, లైటెయ్యరా!" అని ఒక గొంతు. "కార్బనైపోయినట్టుందిరో!" అని ఇంకొకటి. బూట్లు వచ్చాయి. "సౌండు! సౌండు!" అని బెంచీలు చరిచారు. మావయ్య పరుగెత్తుకుని పైకొచ్చాడు.

"ఏందిరా, బొమ్మ ఇంత చీకటి?"

"అది టెక్నిక్ మావయ్యా."

"టెక్నిక్కో టెంకాయో, ముందు వెలుగు పెంచు!"

"పెంచితే భయం పోతుంది మావయ్యా."

"భయం నాకుందిలేరా, చానా ఉంది!"

పెట్టె కిటికీలోంచి కిందికి చూస్తే చీకట్లో బీడీలు మిణుగురుల్లా ఉన్నాయి. బీడీ వెలిగించాడంటే మనిషి విసుగెత్తాడని నా లెక్క. మొదటి రీలు అయ్యేసరికి ముప్పై ఎనిమిది బీడీలు. మూడో రీలుకు బీడీలు తగ్గాయి, ఎందుకంటే మనుషులు తగ్గారు.

ఆట అయ్యాక మావయ్య మాస్టారిని పిలిచి, "రేపు ఆదివారం. చిలకలూరిపేట నుంచి మిల్లు జనం కూడా వస్తారు. నువ్వు చెప్పు, చూద్దాం. కూర్చున్నారా, ఉంటావు. లేచిపోయారా, గొట్టం ఇంటికి పట్టుకుపో. ఈ పిలగాడు చెప్పేది కూడా నిజమేనేమో," అన్నాడు. మాస్టారు తల ఊపాడు. గొట్టం ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకున్నాడు, అంతే. ఆయన నా వైపు చూసి ఉంటే కొంత సులువుగా ఉండేది.

చిక్కేమిటంటే మాస్టారికి హిందీ రాదు. ఇంజన్ చాచా ఉర్దూ మనిషి కాబట్టి ఆయన్నడిగి కథ కట్టుకునేవాడు. చాచా బొమ్మను ఇంజను పక్కనుంచి, దాని చప్పుడు మధ్యలో వినేవాడు. ఆదివారం పొద్దున ఇంజనుకు నూనె పోస్తూ వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను కార్బను కడ్డీలు ఏరుకుంటున్నాను.

"ఆ బూట్లవాడు టెలిఫోన్లో ఏమంటాడు చాచా?"

"కల్ షామ్, పాంచ్ బజే, ఉసీ ఘర్ మే. అంతే సాబ్. సాయంత్రం ఐదు గంటలకు, ఆ ఇంట్లోనే."

"కల్ అంటే రేపు గదా?"

"రేపే." చాచా గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "నిన్న కూడా."

"అదేంది చాచా, రెండూ ఎట్టా అవుద్ది?"

"మా భాష అంతే సాబ్. ఇవాళ కానిదంతా కల్."

నేను వినీ విననట్టు కడ్డీలు ఏరుకున్నాను. నాకు సంబంధం లేదనుకున్నాను.

ఆదివారం హాలు నిండింది. చీకటి మొదలవుతూనే గొట్టం లేచింది. "దీనర్థమేమనగా, అమ్మల్లారా అయ్యల్లారా, మిషను చెడిపోలేదు. దుర్మార్గుడు దీపం ఆర్పాడు!" ఎవరూ బెంచీ చరచలేదు. బూట్లు నడిచాయి, చెయ్యి టెలిఫోను ఎత్తింది. "దీనర్థమేమనగా, రేపు సాయంత్రం ఐదు గంటలకు, ఆ ఇంట్లో, ఒక ఆడకూతుర్ని చంపుతానంటున్నాడు!" వెంటనే తెరమీద ఒక పిల్ల తడి జుట్టు ఆరబెట్టుకుంటూ, కూనిరాగం తీస్తూ కనిపించింది. వెనక గోడకు గడియారం. తడికకు అవతల నుంచి నూజెండ్ల ఊరి పెద్దామె ఒకావిడ, "ఓయమ్మా, ఈ బిడ్డేనా!" అంది. ఆ మాటతో హాలంతా ఒక్కసారి ముందుకు వంగింది.

గడియారం నాలుగున్నర చూపించింది. నిన్న నా శాస్త్రం ప్రకారం పది అడుగులున్న ఆ గడియారం ఇవాళ పది గజాలుగా ఉంది. పిల్ల అద్దం చూసుకుంటుంటే, "ఏమే తల్లీ, వెనక్కి చూసుకోవే!" అన్నారు. ఐదు కొట్టింది. ఎవరో తలుపు తట్టారు. "తియ్యమాకే! తలుపు తియ్యమాకే!" అని ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. పిల్ల తీసింది. పాలవాడు.

హాలు మొత్తం ఊపిరి వదిలింది. గొట్టం అదను చూసి లేచింది. "దీనర్థమేమనగా, వాడు అన్నది రేపు. ఇవాళ కాదు!" జనం మళ్ళీ బిగుసుకుని కూర్చున్నారు.

అప్పుడే మొదటి రీలు అయిపోయింది. చాచా ఇంజను వదిలి మెట్లెక్కి వచ్చాడు, ముఖం పాలిపోయి ఉంది. "బాబూ, గలతీ హోగయీ, తప్పైపోయింది. ఇప్పుడు నిదానంగా విన్నా. అది రేపు కాదు, నిన్న. వాడు మేడమీద ముసలోణ్ణి నిన్ననే చంపేసిండు. ఆ పిల్లకేం కాదు." నేను కాగితం తీసి మూడు పంక్తులు రాశాను: ఒకటి, కల్ అనగా నిన్న. రెండు, హత్య జరిగిపోయినది. మూడు, సవరణ వెంటనే ప్రకటించవలెను. రీలు ఎక్కించే పని చాచాకు అప్పజెప్పి కిందికి దిగాను. తప్పును తప్పుగా ఉంచడం నాకు చేతకాదు. నిజం చెప్పాలంటే, నా రిపోర్టు గెలవాలనే కోరిక కూడా జేబులోనే ఉంది.

మాస్టారు కాగితాన్ని రేకు చిల్లులోంచి పడే ఎండలో పెట్టుకుని చదివాడు. తర్వాత నెమ్మదిగా, "బాబూ, ఎవరన్నా లేచారేమో చూడు," అన్నాడు. చూశాను. రీలు మారుతుంటే ఎప్పుడూ సోడాకు పోయేవాళ్ళు ఎవరూ కదల్లేదు. బీడీలు రెండు. అందులో ఒకటి ఆరిపోయి నోట్లోనే ఉంది. "నిన్న చచ్చినోళ్ళ కోసం జనం ఏడుస్తారు. రేపు చచ్చేవాళ్ళ కోసమే కూర్చుంటారు," అన్నాడాయన. "చెప్పమంటే చెబుతా. నువ్వే చెప్పు బాబూ."

రిపోర్టు రాసిన రోజు నుంచి నాతో ఆయన మాట్లాడిన మొదటి మాటలవి. నేను కాగితం వెనక్కి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, పైకెళ్ళి కార్బను కడ్డీలు సరిచేశాను.

తర్వాత కథంతా రేపే. మేడమీద ముసలాయన శవం బయటపడ్డప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను, ఇక ఈయన పని అయిపోయిందని. గొట్టం తొణకలేదు. "దీనర్థమేమనగా, రేపటి పని కోసం ముందు ఈ ముసలాయన మీద చెయ్యి సవరించుకున్నాడు!" ఆఖరి రీల్లో పోలీసులు బూట్లవాణ్ణి పట్టుకున్నారు. పిల్ల క్షేమంగా వాకిట్లో నిలబడింది. నూజెండ్ల పెద్దామె కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "మనం అరిచాం గనక బతికింది బిడ్డ," అంది. హిందీ వచ్చిన మిరపకాయల వ్యాపారి సాహెబు ఒకాయన గుమ్మం దగ్గర చాచా భుజం తట్టి, "అసలు కథ వేరే ఉంది భాయ్. కానీ పంతులుగారిదే బాగుంది," అని, మర్నాటి ఆటకు వాళ్ళింటివాళ్ళను తీసుకొచ్చాడు. మావయ్య మాస్టారితో ఒక్క మాటే అన్నాడు: "గొట్టం ఇంటికి మోసుకుపోవడం ఎందుకు, పీట కింద పెట్టి పో."

ఇప్పుడు నేను వేరే ఊళ్ళో వేరే మిషను తిప్పుతున్నాను. సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. అప్పుడప్పుడు ఆ పెట్టెలో స్కేలుతో గీతలు గీస్తూ కూర్చున్న ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. ఎంత చెమట పోసి, ఎంత సరిగ్గా కొలిచాడు పాపం! తెరను మాత్రమే కొలిచాడు, బెంచీలను కొలవలేదు. వాడి మీద కోపం రాదు. కాసేపు బయటికి వచ్చి గాలికి నిలబడరాదా అని చెప్పాలనిపిస్తుంది. అర్థం మాస్టారు ఆ తర్వాత మా హాల్లో నాలుగేళ్ళ రెండు నెలలు పనిచేశారు.