ఫొటోబాబు వెనకనున్న ఇల్లు

మా మేనమామ జగన్నాథరావు గారు ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఉపక్రమించి ఎన్నిసార్లు కలం కింద పెట్టేశానో చెప్పలేను. ఆ మధ్యాహ్నం బడిలో పిల్లలకు సంధులు చెబుతుండగా ఫోను మోగింది. మావయ్య స్టూడియో పక్కనే మందుల కొట్టు నడిపే ఒడియా ఆయన గొంతు. "దీదీ, బాబు ఆఉ నాహాన్తి" అన్నాడు. బాబు ఇక లేరట. పుట్టిన దగ్గర్నుంచీ చెవిన పడుతున్న భాషే అయినా ఆ మాటల అర్థం బుద్ధికి అందక "ఏ బాబు?" అని తిరిగి అడిగాను. భోజనం చేసి వచ్చి, కుర్చీలో కూర్చుని మెత్తటి గుడ్డతో కెమెరా కటకం తుడుచుకుంటూ, అలాగే తల వాల్చేశారట. నేను వెళ్ళేసరికి ఎవరో ఆ గుడ్డను ఆయన వేళ్ళలోంచి తీసి బల్లమీద పెట్టారు.

బరంపురంలో తెలుగు ఇళ్ళలో మావయ్య ఎరగని గడప తక్కువ. పెళ్ళి బొమ్మలు, పాస్‌పోర్టు బొమ్మలు, బారసాలలు ఆయన జీవిక. ఆదివారం మాత్రం ఆయన సొంతం. తెల్లవారకముందే స్కూటరు తీసేవారు. హిమాలయాలకు రమ్మని, అడవులకు రమ్మని స్నేహితులు పిలిచినా ఏనాడూ వెళ్ళలేదు. "మధ్యాన్నం అన్నం యేళకి ఇంటికి తిరిగి రాగలిగినంత దూరమే నా లోకమే అమ్మడూ. అదే ఇంకా సూసి అవలేదు" అనేవారు. చదువుకునే రోజుల్లో నేను వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. వెనకసీటు మీద కూర్చుని ఆ లోకమంతా తిరిగాను.

హుమ్మ దగ్గర ఉప్పుమడుల గట్లమీద పాతగొడుగు ఒకటి పాతుకుని, దాని నీడలో ధ్యానముద్రలో ఉన్న యోగిలా కూర్చునేవారు. ఉప్పునీళ్ళలో ఎర్రటి పొడుగుకాళ్ళతో నడిచే పిట్టలు మొదట ఆయన్ని చూసి ఎగిరిపోయేవి, తర్వాత మరిచిపోయేవి. మరిచిపోయేదాకా కెమెరా సంచిలోంచి బయటికి వచ్చేది కాదు. "మనం వొచ్చేవని దానికి తెలిసినంతసేపూ అది పిట్ట కాదు, బయం" అన్నారొకసారి. ఆ మాట నేను ఎన్నో ఉపన్యాసాల్లో వాడుకున్నాను.

వింతల మీదా ఆయనకు మహా ప్రీతి. రంభకు వెళ్ళే దారిలో ఓ చింతచెట్టు మైలురాయిని మింగేసింది. కాండం రాయి చుట్టూ పెరిగిపోయి, పెదవుల మధ్య పలుకులా ఒక్క అంకె మాత్రం కనిపించేది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఆ చెట్టు పోతుందని తెలిసి, వానలో తడుస్తూ వెళ్ళి దాని బొమ్మ తీసుకొచ్చారు. ఇంటికొచ్చి జ్వరంతో పడుకున్నారు. అత్తయ్య కోప్పడితే, "రేపుండదే అది. ఉండదని తెలిసీ తియ్యకపోతే నేనేటి పోటోగ్రాఫర్ని?" అన్నారు. ఈ మాటే తర్వాత ఆయన్ని కోసింది.

ఆయన కళలో ఒక కఠిన నియమం ఉండేది. బొమ్మలో మనిషి ఉండకూడదు. కరెంటు తీగ, ప్లాస్టిక్ సంచి, సైకిలు చక్రం, మనిషి చెయ్యి, ఇవన్నీ ఆయనకు ఒక్కటే. వలలు భుజాన వేసుకున్న జాలరి తీరం దాటిపోయేదాకా, కట్టెలమోపుతో వచ్చే ఆడమనిషి కనుమరుగయ్యేదాకా కెమెరా కంటికి ఆనించుకుని నిలబడేవారు. మరీ ఆలస్యమైతే, "కొంచెం తప్పుకోండమ్మా" అని మర్యాదగా అనేవారు. వారమంతా పెళ్ళిపందిళ్ళలో మనుషుల్నే చూసి చూసి ఆదివారమైనా వాళ్ళు లేని ప్రపంచం కోరుకుంటున్నారని మేం సరదాగా అనుకునేవాళ్ళం. ఆ నియమాన్నే రసికులు మెచ్చుకునేవారు. "నిష్కళంకమైన ప్రకృతి" అని ఒక పెద్దమనిషి శ్లాఘించారు. మనిషిని కళంకమంటున్నారని ఆనాడు మాలో ఎవరికీ తట్టలేదు.

ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట పొడంపేట అని చిన్న జాలరిపల్లె ఉండేది. తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. శీతాకాలం వెనకబడుతుండగా సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి అక్కడికే వస్తాయి. ఏటా ఆ రోజుల్లో మావయ్య ఆదివారాలే కాదు, వీలైన ప్రతి ఉదయం అక్కడే. ఒడ్డుకు ఆఖరి ఇల్లు పరదేశమ్మది. భర్త వేటకు, తను రేవులో చేపల అమ్మకానికి. స్కూటరు ఆమె పెరట్లో పెట్టేవారు. ఆమె ఇచ్చిన టీ తాగేవారు. చలికి వణికితే ఆమె దుప్పటి కప్పుకునేవారు. ఊరంతా ఆయన్ని ఫొటోబాబు అని పిలిచేది. ఆయన కెమెరా ఎత్తగానే పిల్లల్ని పక్కకు లాగేది కూడా ఆ ఊరి ఆడవాళ్ళే.

సముద్రం ఆ ఊరిని ఏడాదికి కొంత చొప్పున కోసుకుంటూ వచ్చింది. మిగిలినదాన్ని తుఫానులు తోసేశాయి. ముందు కొబ్బరిచెట్లు, తర్వాత పడవలు లాగే ఇసుక, తర్వాత ఇళ్ళు. చివరికి జనం లోపలికి జరిగి కొత్త కాలనీలో స్థిరపడ్డారు. మావయ్య తాబేళ్ళు మాత్రం మిగిలిన ఒడ్డుకు వస్తూనే ఉన్నాయి. ఆయన వెళ్తూనే ఉన్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు బరంపురంలో ఆయన ఛాయాచిత్ర ప్రదర్శన పెట్టాం. హాలు నిండా పొడంపేట. వెండిలా మెరిసే కెరటాలు, గుడ్లు పెడుతూ కంటనీరు కారుస్తున్న తాబేళ్ళు, నదీముఖాన వాలిన వేల పక్షులు. అన్నిటికన్నా పెద్ద చిత్రం కింద తెలుగులో, ఒడియాలో మావయ్యే స్వయంగా దాని పేరు రాశారు. ఉదయకాంతిలో ఒంటరి తాబేలు, వెనక అనంతమైన ఇసుక. చూసినవాళ్ళు దాని ముందే నిలబడిపోయేవారు.

రెండో రోజు పొద్దున్న ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి పరదేశమ్మ దిగింది. వెంట కాలేజీ చదివే మనవరాలు, కాలనీ ఆడవాళ్ళు మరికొందరు. అందరూ దాచుకున్న చీరలు కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. "పొడంపేట పోటోలు పెట్టినారంట కదా బాబూ, సూద్దారని ఒచ్చినాం" అంది పరదేశమ్మ. మావయ్య మొహం వెలిగిపోయింది. తనే దగ్గరుండి లోపలికి తీసుకెళ్ళారు.

వాళ్ళు ఒక్కొక్క పటం ముందూ ఆగారు. దేనికోసమో కళ్ళు చిట్లించి అంచుల్లో వెతికారు. ఒకామె పటం దగ్గరికి ముఖం పెట్టి, "ఈ పక్కన మా రామందిరం ఉండాల కదే" అంది. మరొకామె, "ఇంకో పటంలో ఉంటాదిలే, రా" అని లాక్కుపోయింది. అలా హాలంతా తిరిగారు. తిరిగి మొదటికి వచ్చారు. అప్పుడు పరదేశమ్మ మావయ్య వైపు తిరిగి, ఏ కల్మషమూ లేకుండా, నిజంగా తెలియక అడిగింది.

"బాబూ, ఊరు ఏ గదిలో పెట్టినారు?"

ఇంకో గది లేదు. ఒడియా బడిలో చదివిన మనవరాలు పెద్ద చిత్రం కిందనున్న ఒడియా అక్షరాలు పైకి చదివింది. "జనశూన్య బేళాభూమి." పరదేశమ్మ అడిగింది, "అంటే ఏటే?"

ఆ పిల్ల మా వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "మనుషులు లేని ఒడ్డు అని, అమ్మమ్మా."

పరదేశమ్మ ఆ పటాన్ని మళ్ళీ చూసింది. "ఔను. తప్పుకోమనీవోరు కదా. తప్పుకునీవోలం" అంది. కోపం లేదు ఆ మాటలో. ఎవరూ నిష్ఠూరమాడలేదు. వచ్చినట్టే ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. నేను మావయ్య పక్కనే ఉన్నాను. ఆయన ముఖం వైపు చూడటానికి నాకు సిగ్గేసింది. ఆయనకు నా ముఖం చూడటానికి సిగ్గేసింది. ఆ సాయంత్రమే ఆయన పటాలు దింపించేశారు.

మర్నాటి నుంచి స్టూడియోలో పాత నెగటివులన్నీ వెలుతురుబల్ల మీద పరిచి, భూతద్దంతో వెతకడం మొదలుపెట్టారు. తాబేళ్ళను కాదు, వాటి వెనకనున్న మూలల్ని. ఒకదాంట్లో కెరటానికి పైన మసకగా రామందిరం ధ్వజం. ఒకదాంట్లో నీలం రంగు అరుగు చివర. ఇంకొకదాంట్లో తీగమీద ఆరేసిన చీర కొంగు. ఆ గోరంత ముక్కల్ని పెద్దవి చేసి, అచ్చువేసి, కాలనీకి పట్టుకెళ్ళేవారు. గింజలు గింజలుగా పగిలిపోయిన ఆ బొమ్మల్ని చేతికి తీసుకుని జనం గుర్తుపట్టేవారు. నీలం అరుగు వాళ్ళు ఇంటిల్లిపాదీ వచ్చి చూశారు. చీర కొంగును చూసి ఒక నడివయసు జాలరి, "మాయమ్మదే ఇది" అని వీధిలోనే కూలబడ్డాడు. మావయ్య అక్కడ నిలబడలేకపోయారు. ఆ అమ్మ ఒకనాడు ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు, తను పక్కకు తప్పుకోమన్నది ఆయనకు గుర్తుంది.

కానీ పరదేశమ్మ ఇల్లు ఎంత వెతికినా దొరకలేదు. ఏ మూలలోనూ లేదు. ప్రతి ఆదివారం ఆయన కాలనీకి వెళ్ళగానే ఆమె తన గుమ్మంలోకి వచ్చి, "మాది దొరికిందేటి బాబూ?" అని అడిగేది. "ఎతుకుతున్నానమ్మా" అనేవారు. ఒకరోజు బల్లముందు కూర్చున్న మనిషి భూతద్దం పక్కన పెట్టేశారు. "అమ్మడూ, ఆ ఇల్లు దొరకదే" అన్నారు. ఎందుకని అడిగాను. "నేను నిలబడింది ఆ గోడకి ఆనుకునే కదా. అన్నేళ్ళూ అది నా ఈపు ఎనకాలే ఉంది."

ఈ సంగతి ఆమెతో చెప్పడానికి తోడు రమ్మన్నారు. కొత్త కాలనీలో ఆమె గుమ్మం ముందు, కుర్చీ వేసినా కూర్చోకుండా, బడిలో తప్పుచేసిన పిల్లాడిలా చేతులు కట్టుకుని చెప్పారు. పరదేశమ్మ చేపలు కోస్తూ విన్నది. విని, కత్తిపీట పక్కకు జరిపి, తలెత్తి చూసింది.

"మరి ఒక్కపాలైనా ఎనక్కి తిరిగి సూడనేదేటి బాబూ?"

ఆయన ఆమెకు దండం పెట్టి స్కూటరు దగ్గరికి నడిచారు.

ఆ తర్వాత ఆయన తీసిన బొమ్మలన్నిటిలో మనుషులున్నారు. కాలనీలో ఎవరి ఇంటి ముందు వాళ్ళను నిలబెట్టి, ఎలా నిలబడాలో వాళ్ళనే చెప్పనిచ్చి తీసేవారు. అవి గొప్ప బొమ్మలు కావు. ఎండకు కళ్ళు మూసుకున్నవాళ్ళు, కోడిని చంకలో పెట్టుకున్నవాళ్ళు, నవ్వబోయి ఆగినవాళ్ళు. వాటిని ఏ ప్రదర్శనకూ పంపలేదు. ఎవరి బొమ్మ వాళ్ళకే ఇచ్చేశారు.

పట్టణంలోని ఒక కళాసంఘం ఆయనకు సన్మానం తలపెట్టింది. రానన్నారు. బలవంతం మీద వచ్చి, దండ వేయించుకోకుండా మైకు ముందు నిలబడి ఈ కథంతా చెప్పారు. "మీరు మెచ్చుకున్న ఆ ఒడ్డుమీద ఒక ఊరుండేదండి. నేను దాన్ని తుడిచేసేను. సముద్రం నా తరవాతే వొచ్చింది" అన్నారు. సభ ఇబ్బందిగా కదిలింది. అధ్యక్షులవారు సమయాభావమని చెప్పి తర్వాతి వక్తను పిలిచారు. మొన్న సంతాపసభలోనూ వక్తలు తాబేళ్ళనే కీర్తించారు. ఆయన సహనాన్ని, కాంతిమీద ఆయనకున్న అధికారాన్ని పొగిడారు. అదంతా సత్యమే. అయినా ఆ సభలో కూర్చోవడానికి నాకు సిగ్గేసింది. చివరి ఏళ్ళలో ఆయన్ని నిద్రపోనివ్వని సంగతిని ఒక్కరూ తలుచుకోలేదు. లేచి చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పెద్దకర్మ నాడు పరదేశమ్మ వచ్చింది. నడవలేకపోతోంది, మనవరాలు చెయ్యి పట్టుకుని నడిపించింది. లోపలికి రమ్మన్నా రాకుండా వీధి అరుగుమీద కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చుని, అడగడానికి ఎన్నాళ్ళుగానో జంకుతున్న మాట అడిగాను. "మావయ్య మీద కోపం పోయిందా పిన్నీ?"

ఆమె నన్ను వింతగా చూసింది.

"కోపమేటమ్మా. కన్న కూతురు పోనాది, కట్టుకున్నోడు పోనాడు, ఈ పిల్లకి అప్పుడు ఊహ తెలీదు. ఆ ఇంటి గోడ ఎలగుండీదో, పొద్దున్న ఎండ ఎక్కడ పడీదో, నాను కాకుండా ఎరిగినోడు బాబొక్కడే. ఆదివారం ఒచ్చినప్పుడల్లా కూకుని ఇద్దరం అదే సెప్పుకునీవోలం. నాను ఒకటి మర్చిపోతే ఆయన సెప్పీవోడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడు నాను మర్చిపోతే ఎవులు సెప్తారు?"

మావయ్యకు అంజలి ఘటించడానికి నాకు వచ్చిన భాషలో ఇంతకు మించిన మాట లేదు.