చిన్ని లేకపోతే ప్రోగ్రామ్ నడవదట

2002వ సంవత్సరం. అనంతపురం బస్టాండుకు దగ్గర్లో, ఒక మందుల షాపు మేడ మీద ఉండేది మా కంప్యూటర్ సెంటర్. ఆరు కంప్యూటర్లు, వాటిలో పనిచేసేవి నాలుగు. కరెంటు ఉన్నంతసేపే చదువు. ఒక్కొక్కరికి మెషిన్ మీద ఇరవై నిమిషాలు దొరికితే గొప్ప. నేను అక్కడ జావా చెప్పేవాణ్ణి.

జావా తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. ఏ ప్రోగ్రామింగ్ భాషైనా కొన్ని మాటలను తన పని కోసం అట్టిపెట్టుకుంటుంది. క్లాస్, పబ్లిక్, ఇఫ్, రిటర్న్ లాంటివి. వీటిని రిజర్వ్‌డ్ కీవర్డ్స్ అంటారు. జావాలో యాభైకి కాస్త అటూ ఇటూగా ఉంటాయి. వాటిని మనం వేరే దేనికీ పేరుగా పెట్టకూడదు. రోజూ పొద్దున్నే వాటిని ఎక్కాల్లాగా అప్పజెప్పించుకోవడం నా పద్ధతి. తప్పు చెప్పినవాళ్ళకు ఆ రోజు మెషిన్ లేదు. మెషిన్లు ఎలాగూ చాలవు కాబట్టి ఆ శిక్ష నాకు సౌకర్యంగానే ఉండేది.

ఆ బ్యాచ్‌లో పదిహేడు మంది, అందరూ తెలుగు మీడియం వాళ్ళే. వాళ్ళలో నాగవేణి ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చేది. పట్టుచీరలు నేసే ఇల్లు. వయసు ఇరవై మూడు, డిగ్రీ అయింది, మగ్గం మీద మాత్రం అప్పటికే ఎనిమిదేళ్ళ పని. వాళ్ళ ఊళ్ళో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగం ఉంది. జూన్‌లోగా మా సర్టిఫికెట్ తెస్తే ఇస్తామన్నారు. చేరిన రోజే నాకు సంగతి చెప్పింది.

"మా నాయన ఆర్నెల్లు టైమిచ్చినాడు సార్. పాసైతే కాలేజీకి పోతా. లేదంటే మళ్ళా మగ్గం గుంతలోకి దిగి నేసుకోవాల్సిందే. ఇంగోసారి అడిగితే పంపడు."

కీవర్డ్స్ ఆమె చెప్పినంత గడగడా ఎవరూ చెప్పేవారు కాదు. నాకు ముచ్చటేసేది. ఈ అమ్మాయికి ఢోకా లేదనుకున్నాను.

మే నెలలో పరీక్ష. గుత్తి వైపు నుంచి ఒక పెద్ద వయసు లెక్చరర్ ఎగ్జామినర్‌గా వచ్చారు. లైబ్రరీ పుస్తకాల వివరాలు దాచే ప్రోగ్రామ్ రాయమని ఇచ్చారు. పేపర్లు తిరగేసి నన్ను పిలిచారు.

"ఏమప్పా, పదిహేడు మందీ క్లాస్‌కు చిన్ని అని పేరు పెట్టినారే. ఎవురీ చిన్ని? కాపీ కొట్టిచ్చినావా?"

జావాలో ప్రతి ప్రోగ్రామూ ఒక క్లాస్‌తో మొదలవుతుంది. క్లాస్ అనే మాట జావాది, దాని పక్కన పెట్టే పేరు మనిష్టం. అప్పుడు మా పాపకు మూడేళ్ళు. బోర్డు మీద ఏ ప్రోగ్రామ్ రాసినా నేను దాని ముద్దుపేరే పెట్టేవాణ్ణి. అదే చెప్పాను.

"లైబ్రరీలో మీ పాపకేం పని?" అని, తలుపు దగ్గరున్న నాగవేణిని పిలిచారు. "చిన్ని అంటే ఏమ్మా?"

"కీవర్డ్ సార్."

"కీవర్డ్స్ లిస్టులో ఉండాదా?"

"లిస్టులో లేదు సార్. కానీ దాన్ని మారిస్తే ప్రోగ్రామ్ నడవదు. నేను చూసినా."

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి వారంలో ఆ అమ్మాయి చిన్ని తీసేసి తన పేరు పెట్టింది. ఫైల్ పేరు మాత్రం చిన్ని అనే ఉంది. రెండూ ఒకటి కాకపోతే జావా ఒప్పుకోదు. ఎర్రర్లు వచ్చాయి. వెనక నలుగురు కాచుకుని ఉన్నారు, కరెంటు పోయే వేళయింది. నేను విసుక్కుని, "నేను రాసిచ్చింది ముట్టుకోవద్దు, ఉన్నదున్నట్టు కొట్టండి" అన్నాను. ఆ మాటను పదిహేడు మందీ బుద్ధిగా పాటించారు.

ఎగ్జామినర్ పెన్ను మూత పెట్టారు. "కాపీ కాదులే. దానికంటే అన్యాయం. నువ్వు నేర్పనేలేదు. అందరికీ ఫెయిల్ రాస్తా. మూన్నెల్లకు మళ్ళా కూచోమను."

మూడు నెలలంటే కాలేజీలో ఆ కుర్చీ ఇంకొకరిదైపోతుంది. నాగవేణి నన్నే చూస్తూ నిలబడింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"తప్పు నాది సార్. ఒక గంట ఇవ్వండి" అన్నాను.

"భోంచేసొస్తా. వచ్చినాక కొత్త ప్రోగ్రామ్ అడుగుతా" అని ఆయన మెట్లు దిగారు.

అందర్నీ కూర్చోబెట్టి బోర్డు మీద ఒక ప్రోగ్రామ్ రాశాను. కీవర్డ్స్ చుట్టూ గీత గీశాను. చిన్నితో సహా నేను పెట్టిన పేర్లన్నీ తుడిచేశాను. "గీత గీసినవి జావావి. తుడిచేసిన చోట మీకిష్టమైన పేర్లు పెట్టుకోండి. క్లాస్ పేరే ఫైల్‌కూ పెట్టండి, అంతే" అన్నాను. నాగవేణి లేచింది.

"ఈ మాట ముందే చెప్పుండొచ్చు కదా సార్. యాడ చెయ్యి పెడితే ఏం పోతాదో అని ఆర్నెల్లుగా బయపడి చస్తాండాం." బోర్డు వైపు తిరిగి మళ్ళీ తనే అంది. "దారం మోసే నాడె పోయే దావ మగ్గానిది. చీర మీద బుట్టా పువ్వు యాడెయ్యాల్నో నేసేవాళ్ళిష్టం. ఇంతేనా?"

"అంతే" అన్నాను. సుద్దముక్క తీసుకుని ఆ ఖాళీల్లో చీర, పొడవు, ఎడం, బుట్టాలు అని ఇంగ్లీషు అక్షరాలతో నింపింది. ఆమె కూర్చునేలోపు మరో ఇద్దరు లేచారు.

ఎగ్జామినర్ తిరిగొచ్చి, ఎవరి ఇంటి పని మీద వాళ్ళే ఒక ప్రోగ్రామ్ రాయమన్నారు. చీర పొడవూ, బుట్టాకూ బుట్టాకూ మధ్య ఎడమూ ఇస్తే మొత్తం ఎన్ని బుట్టాలు పడతాయో చెప్పే ప్రోగ్రామ్ నాగవేణి రాసింది. రెండు సార్లు ఎర్రర్ వచ్చింది, రెండు సార్లూ తనే దిద్దుకుంది.

"బుట్టాలు అని పెడితే జావా ఒప్పుకుంటాదా?" అని పరీక్షగా అడిగారాయన.

"ఒప్పుకోకేం సార్. ఆ పేరు నాది."

పదకొండు మందిని పాస్ చేశారు. ఆరుగురు మూడు నెలలయ్యాక మళ్ళీ రాశారు, అది నా పాపమే. నాగవేణికి అత్తెసరు మార్కులు వచ్చాయి. జూన్‌లో ఉద్యోగంలో చేరింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు జావా చెప్పాను. కీవర్డ్స్ అప్పజెప్పించుకోవడం మానేశాను. మొదటి రోజే ప్రతి ఒక్కరి చేతా ఒక పేరు మార్పించి, మెషిన్ పాడవదని వాళ్ళ కళ్ళతో వాళ్ళు చూసేదాకా ముందుకు పోయేవాణ్ణి కాదు. ఆ రోజు ఎగ్జామినర్ గంట ఆగకుండా ఫెయిల్ రాసేసి ఉంటే నాగవేణి మగ్గం గుంతలోకి దిగి ఉండేది. నేను మాత్రం, పాపం ఆ అమ్మాయికి జావా బుర్రకెక్కలేదని పదిమందికీ చెప్పుకుని ఉండేవాణ్ణి.