పలకని పీ

భాద్రపదంలో ఒక మంగళవారం, పొద్దున సరిగ్గా తొమ్మిదీ ఇరవై. బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి. మా తమ్ముడు చక్రాల కుర్చీలో ఉన్నాడు, నేను తోస్తున్నాను. నాగాయలంక నుంచి ఆటోలో వస్తున్నంతసేపూ వాడికి ఊపిరి అందలేదు. కౌంటరు దగ్గర నర్సమ్మ చూసి, న్యుమోనియా వార్డు వెనక వరండాలో ఉంది, వెంటనే తీసుకెళ్ళండి అంది.

నాకు యాభై ఎనిమిదో ఏట చదువొచ్చింది. చేపల వేటకి వెళ్ళడం మానేశాక, మా ఊళ్ళో రిటైరైన మేష్టారు ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు అక్షరాలు నేర్పారు. తెలుగులో రాసిందల్లా పలుకుతాం. ఇంగ్లీషూ అంతే అనుకున్నాను. అక్కడ బోర్డులన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. న్యు అంటే ఎన్. ఎన్‌తో మొదలయ్యే బోర్డు కోసం వరండా ఈ చివర నుంచి ఆ చివరకి కుర్చీ తోశాను. లేదు. మళ్ళీ తోశాను.

"అన్నా, ఎవర్నన్నా అడగరాదా," అన్నాడు తమ్ముడు, ఒక్కో మాటకీ ఆగుతూ.

"నాకు చదువొచ్చురా. నువ్వు నోర్మూసుకుని కూర్చో."

వాడితో నేనన్న ఆఖరి మాట అదే.

మూడోసారి తిరుగుతుంటే వరండా ఊడుస్తున్నావిడ చీపురు అడ్డం పెట్టింది. "ఏంటి మావయ్యా, న్యుమోనియా వార్డు ముందే ఊరేగుతున్నావు?"

తలెత్తి చూస్తే బోర్డు మీద మొదటి అక్షరం పీ. అదేదో వేరే జబ్బనుకుని మూడుసార్లూ దాటేశాను. ఆవిడకి చదువు రాదని తర్వాత తెలిసింది.

లోపల ముక్కుకి గొట్టం పెట్టారు. వాడు మళ్ళీ కళ్ళు తెరవలేదు. గురువారం పోయాడు. నేను వరండాలో తిప్పిన ఆ పావుగంట వల్ల ఏమన్నా తేడా పడిందా అని డాక్టరు గారిని అడిగాను. ఊళ్ళోనే ఆలస్యం చేశారు అన్నారు. నేనడిగింది అది కాదు.

పెద్దకర్మ అయ్యాక మేష్టారి దగ్గరికి వెళ్ళి, పలకని పీ అక్కడెందుకండీ అని నిలదీశాను. ఆ మాట గ్రీకుల నుంచి లాటిన్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందట. గ్రీకులు ఆ పీ పలికేవాళ్ళు. ఇంగ్లీషు వాళ్ళకి నోరు తిరగలేదు, రాతలో మాత్రం ఉంచేశారు. చాకుని నైఫ్ అంటారు కదా, దాని ముందు రాసే కే మటుకు వాళ్ళ తాతముత్తాతలు నిజంగానే పలికేవాళ్ళట. నోళ్ళు మారిపోయాయి. అచ్చు వచ్చి రాతని ఉన్నచోటే బిగించేసింది.

"ఈ సంగతి ముందే చెప్పాల్సిందండీ," అన్నాను.

"ఇంకా అక్షరాల దగ్గరే ఉన్నాం కదయ్యా. మాటల్లోకి రాలేదు."

ఆయన తప్పేం లేదు. అడగమని తమ్ముడు చెప్పాడు, నేను అడగలేదు.

ఆ రోజు అక్కడ ఉన్నది కౌంటరు దగ్గర నర్సమ్మ, ఊడ్చే ఆవిడ, వరండా బల్ల మీద ఎవరో రోగి తాలూకు ఆడవాళ్ళిద్దరు, మా తమ్ముడు, నేను. ఆ బల్ల మీదవాళ్ళని అడిగినా చెప్పేవాళ్ళు.