చాయ్ తాగినంక

మా వారు వైమానిక దళంలో ఎయిర్ వైస్ మార్షల్ దాకా ఎదిగి రిటైరయ్యారు. అశోక్‌నగర్‌లో ఫ్లాటు కొనుక్కుని వచ్చాక జెండా పండగకి అపార్ట్‌మెంట్ వాళ్ళు ఆయన్నే పిలిచేవారు. కింద కోచింగ్ సెంటర్ల పిల్లలు ఆయన వస్తుంటే బండ్ల మీంచి దిగి దారి ఇచ్చేవారు. బయట అంత గౌరవం. ఇంట్లో గ్యాస్ సిలిండర్ మార్చడం కూడా రాదు ఆ మహానుభావుడికి. ఇంకో వింత ఏమిటంటే హైదరాబాద్‌లో ఉంటూ టీ ముట్టరు. పెళ్ళైన కొత్తలో నన్ను పొయ్యి దగ్గర్నుంచి కదలనిచ్చేవారు కాదు, అంత టీ తాగేవారు. ఎందుకు మానేశారని చుట్టాలు అడిగితే ఎసిడిటీ అనేవారు. అది అబద్ధం.

ఆయన వింగ్ కమాండర్‌గా ఒక స్క్వాడ్రన్‌ను నడుపుతున్న రోజులవి. ఉత్తరాదిన ఎండలు మండిపోయే ఊరు. విమానం కూలి పైలట్ పోతే ఇంటికి ఆ కబురు ఫోన్లో చెప్పరు. కమాండింగ్ ఆఫీసర్ యూనిఫాంలో స్వయంగా వెళ్ళాలి, వెంట ఆయన భార్య వెళ్ళాలి. అందుకే ఊరికే కబుర్లకు వెళ్ళాలన్నా నేను ముందు ఫోన్ చేసి, నవ్వుతూ మాట్లాడి, అప్పుడు బయల్దేరేదాన్ని. చెప్పాపెట్టకుండా మేమిద్దరం గుమ్మంలో నిలబడితే అర్థం ఒక్కటే. అది ఆ క్వార్టర్లలో ప్రతి ఇల్లాలికీ తెలుసు.

ఒక పైలట్ భార్యది చిక్కడపల్లి. నేను పుట్టింది నారాయణగూడలో. అంత దూరంలో మా ఊరమ్మాయి దొరికిందని నాకు ఆమె అంటే ముద్దు. ఒకరోజు పొద్దున ఆమె భర్త నడుపుతున్న విమానం కూలింది. మేం వెళ్ళి తలుపు కొట్టాం. ఆమె ఆయన్ని చూసింది, నన్ను చూసింది. ఆయన నోరు తెరిచేలోపే, "కూసోండి సార్, చాయ్ పెట్టుకొస్త," అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను వెనకే వెళ్ళి వద్దమ్మా అన్నాను. వినలేదు. అల్లం దంచింది. ఏలకులు ఒలిచింది. పాలు పొంగకుండా మంట తగ్గించి, అటు తిరిగే ఉండి, "చాయ్ తాగినంక చెప్పుమను అక్క," అంది.

మేం కూర్చుని తాగాం. ఆమె ఎదురుగా నిలబడి చూస్తూ ఉంది. ఆయన చివరి గుక్క దాకా తాగి, కప్పు కింద పెట్టి, లేచి నిలబడి చెప్పారు. ఆ తర్వాత జరిగింది రాయడం నా వల్ల కాదు.

ఆయన మళ్ళీ టీ తాగలేదు. హోదా పెరిగింది, పతకాలు వచ్చాయి, ఆ కప్పు మాత్రం ఆయన్ని వదల్లేదు. మేం అశోక్‌నగర్ వచ్చాక, ఎప్పుడో పుట్టింటికి చేరిన ఆమె తరచూ వస్తుండేది, చిక్కడపల్లి నుంచి ఎంత దూరం కనక. ఆమె ఉన్నంతసేపూ ఆయన పేపర్లో తల దూర్చుకునేవారు. వెళ్ళగానే నా మీద పడేవారు. "వెంటనే చెప్పేయాల్సింది కదూ? మొగుడు పోయిన ఇంట్లో కూర్చుని టీ తాగాను. నేనూ ఒక మనిషినేనా?" విని విని విసుగొచ్చి, అంత బాధైతే ఆమెనే అడగండి అనేదాన్ని. యుద్ధ విమానాలు నడిపిన మనిషికి ఆ ఒక్క మాట అడిగే ధైర్యం చాలలేదు.

పోయిన వర్షాకాలం ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. ఆసుపత్రిలో మా మరిదినీ ఆమెనూ కూర్చోబెట్టి, స్నానం చేసి వద్దామని ఇంటికి వచ్చాను. కాసేపటికి బెల్ మోగింది. తలుపు తీస్తే ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు. ఫోన్ చెయ్యకుండా వచ్చారు.

కూర్చోండి, టీ పెడతాను అన్నాను. మరిది ఏదో చెప్పబోతుంటే ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"పెట్టుకరా అక్క. తాగుతం."

అల్లం దంచాను. సన్నని మంట మీద పాలు పెట్టాను. అవి కాగినంతసేపూ నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు, కాబట్టి ఆయన ఉన్నారు. కళ్ళజోడు ఏదని నర్సును విసిగిస్తూ ఆ మంచం మీదే ఉన్నారు. జీవితంలో ఎప్పుడూ అంత నెమ్మదిగా టీ కాచలేదు. ఆమె చివరి గుక్క దాకా తాగి, కప్పు కింద పెట్టి, లేచి నిలబడింది.

ఆ రోజు మీరు టీ తాగి మంచి పని చేశారండీ అని ఆయనకు చెప్పాలి. ఈసారి విసుక్కోకుండా చెబుతాను. అడగడానికి ఆయన లేరు.