మత్తడి ఎక్కే చేపలు

రెండేళ్ళపాటు నా భార్య ప్రతి శనివారం సిద్దిపేట వెళ్ళేది. నేను మొదటిసారి వెళ్ళింది ఆమె పోయాక. ఆమెతో కలిసి చెరువుల మీద పరిశోధన చేసిన జువాలజీ లెక్చరర్ నరహరి, ఇద్దరి పేర్లతో వ్యాసం అచ్చుకు పంపుతానన్నాడు. ఆమె పేరు పక్కన అతని పేరు నాకిష్టం లేదు. ఆ మాట ఎదురుగా చెప్పాలనే బయలుదేరాను.

సికింద్రాబాదులో ఏడింటి బస్సెక్కాను. వానాకాలం వెళ్ళేవారు అద్దం సరిగా మూసుకునే కిటికీ చూసుకోవాలి. ప్రజ్ఞాపూర్‌లో చాయ్‌కి ఆపారు.

"దవాఖానకా సారూ?" అంది పక్క సీటు ముసలమ్మ.

"కాదు, చెరువుల పని."

"చెరువులేడికి పోతయ్? ఆడనే ఉంటయ్ గద!"

పదింటికి దిగి కాలేజీకి నడిచాను. నరహరి కంప్యూటర్‌లో ఆమె రాసిన ప్రోగ్రామ్ తెరిచాడు. తెరమీద ఒక్కో గడి ఒక్కో చెరువు; పై చెరువు నీరు కిందిదానిలోకి దిగుతుంది. గడిలో నాచు, పురుగులు, చేపలు. ఏది దేన్ని తింటుందో గీతలు. తరాలు గడిచేకొద్దీ పాతవి నశిస్తాయి, కొత్త జాతులు పుడతాయి.

"మొదట్ల మేడం చేపల్ని కిందికే పోనిచ్చిన్రు సార్. పై చెరువులల్ల పెద్ద చేపలన్ని ఖతం. చెరువు నిండి మత్తడి మీదికెల్లి నీళ్ళు దుంకేటప్పుడు చేప ఎదురెక్కుతది, మావోళ్ళు గాడనే వలేస్తరు అన్న. నమ్మలే. చిన్నకోడూరు దిక్కు తీస్కపోయి చూపిచ్చిన. మోకాళ్ళ నీళ్ళల్ల నిలవడి చప్పట్లు కొట్టిన్రు!"

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె చప్పట్లు కొట్టడం నేను చూడలేదు. ఆ రోజు తడిసిన చీరతో ఇంటికొచ్చి, ఆకలిగా ఉందని మాత్రమే అంది.

అతను మీట నొక్కాడు. తరాలు మారాయి.

"గిదో, అడుగున కదలకుండ కూసోని, వచ్చింది తినే జాతి. మేడం దీన్ని 'మా ఆయన' అనేటోళ్ళు. ఏమనుకోకున్రి సార్."

"చివరికి ఏమవుతుంది?"

"ఎన్నిసార్లు నడిపినా గదే మిగుల్తది."

ఇద్దరూ కలిసి ఎంత నవ్వుకున్నారో అడగలేదు.

"మీ పేరు కింది వరసలో వేయించండి," అన్నాను.

"అచ్చుల గట్ల కుదరది సార్. ఒక్క వరసే."

ఎదురెక్కే దారి చూపింది అతను. అతని పేరు తీసేస్తే ఆమె పని అబద్ధమవుతుంది. సరేనన్నాను. భోజనానికి రమ్మంటే మాత్రం వెళ్ళలేదు.

మూడింటి బస్సులో తిరిగి బయలుదేరాను. ఊరు దాటాక నిండి మత్తడి దూకుతున్న చెరువు దగ్గర డ్రైవర్ నెమ్మదించాడు.

"సారూ, గిటు చూడున్రి, చేపలెట్ల ఎగురుతున్నయో!" అన్నాడు కండక్టర్.

బస్సంతా లేచి అటు ఒరిగింది. నేను ముందు సీటు రేకును చూస్తూ కూర్చున్నాను. వానాకాలం ఆ దారిన వెళ్ళేవారికి అది చూడదగ్గ దృశ్యమేనంటారు.