మెంతులు వేసిన బీరు

ముందే చెబుతున్నాను, ఇది చదివాక నా చేతి వంట మీరెవరూ తినరు. తినకండి. ఒక గోడౌన్ లంచ్‌రూమ్‌ని, మా సూపర్‌వైజర్ గడ్డాన్ని, నా పీఆర్ ఆశల్ని ఒకే ఒక్క బాటిల్‌తో తడిపేసిన ఘనుణ్ణి నేను.

కెనడాలో విమానం దిగే ప్రతి రెండోవాడూ మన తెలుగు స్టూడెంటే అన్నట్టుండే రోజులవి. నేను కాలేజీ ముగించి, వర్క్ పర్మిట్ మీద వాన్ అనే ఊళ్లో ఒక గోడౌన్‌లో డబ్బాలు మోస్తున్నాను. అక్కడ టీమ్ లీడ్ పోస్టు ఖాళీ అయింది. అది వస్తే పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, అప్లై చేయొచ్చు, రాకపోతే పెట్టె సర్దుకోవాలి. ఎవరికివ్వాలో తేల్చేది మా సూపర్‌వైజర్ డేవ్. మా నాన్న వయసు మనిషి, పేరు పెట్టి పిలవడానికే నాకు నెల పట్టింది.

డేవ్ ఇంట్లో బీరు తయారు చేసుకుంటాడు. ఆయన్ని మెప్పించాలని ఒకరోజు, "నేనూ చేసి తెస్తా!" అనేశాను.

"అయితే మొదటిసారి కిట్ కొను," అన్నాడు. "మాల్ట్ పాకం, చేదుకి హాప్స్, పులియడానికి ఈస్ట్, అన్నీ పెట్టెలోనే ఉంటాయి. లోపల కాగితం ఉంటుంది. అది చదివి, చెప్పినట్టు చెయ్యి. విడివిడిగా కొనడం తర్వాత చూద్దువుగాని."

బుద్ధిగా తలూపాను గానీ నాకు లోపల రోషం పొడుచుకొచ్చింది. గులాబ్‌జామ్ పొడి ప్యాకెట్ కొనుక్కొచ్చినందుకు రెండు రోజులు నాతో మాట్లాడని తల్లికి పుట్టినవాణ్ణండీ! నేను కిట్ కొంటానా? తిన్నగా ఇండియన్ స్టోర్‌కి వెళ్లి బార్లీ, బెల్లం, మెంతులు తెచ్చాను.

నా రూమ్మేట్ ప్రవీణ్‌ది కాకినాడ. సంచీలోకి తొంగిచూశాడు.

"ఒరేయ్, మెంతులెందుకురా?"

"బీరు చేదుంటది కద బై. హాప్స్ అంటే ఏదో చేదు పువ్వంట. చేదే గావాల్నంటే మెంతులు సాలవా?"

"మరి ఈస్టో?"

"ఫ్రిజ్జుల దోశపిండి ఉన్నది కద!"

ప్రవీణ్ రెండు చేతులూ ఎత్తాడు. "నీకో దణ్ణంరా బాబూ! ఆ కిట్టేదో కొనుక్కుని చావొచ్చుగా!"

"కిట్లు చేతగానోళ్లకురా."

మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీ అని నెట్‌లో చూశాను. పెసల్లాగే నానబెట్టి తడిగుడ్డలో మూటకట్టాను. నాలుగు రోజులైనా ఒక్క మొలక రాలేదు, వాసన మాత్రం వచ్చింది. అది జావ కాచుకునే బార్లీ అనీ, పాలిష్ పట్టాక ఇక మొలకెత్తదనీ నాకేం తెలుసు? మా బేస్‌మెంట్ ఓనరాంటీ మెట్లు దిగొచ్చి, "ఎలుకేమైనా చచ్చిందా బాబూ?" అని అడిగారు.

అయినా తగ్గానా? ఆ బార్లీనే బెల్లం, మెంతులు వేసి ఉడికించి, చల్లార్చి, రెండు గరిటెల దోశపిండి కలిపాను. పెద్ద కూల్‌డ్రింక్ బాటిల్‌లో పోసి, మూత గట్టిగా బిగించి హీటర్ పక్కన పెట్టాను. చలికాలంలో పిండిని అక్కడే కదా పెడతాం! వారానికి బాటిల్ ఉబ్బి రాయిలా అయింది. బాగా పొంగిందని తెగ మురిసిపోయాను.

శుక్రవారం లంచ్‌రూమ్‌లో అందరూ చుట్టూ చేరారు.

"మాల్ట్ ఏ రకం?" అన్నాడు డేవ్.

"అది సీక్రెట్," అంటూ మూత తిప్పాను.

బుస్సుమంటూ నురగ సీలింగ్‌కి తగిలి, తిరిగి డేవ్ మీద పడింది. గడ్డం నిండా బార్లీ గింజలు. డేవ్ మెల్లగా మీసం నాకి చూశాడు.

"ఇందులో ఏం వేశావు?"

పోస్టు పోయినట్టే అనుకున్నాను. ఇక దాచి ఏం లాభం? మెంతులు, దోశపిండి, తడిగుడ్డ మూట, అంతా వరసగా చెప్పేశాను. "కిట్ కొనలేదు. కాగితం చదవలేదు. మీ మాట వినలేదు. నాదే తప్పు." కళ్లలో నీళ్లు తిరిగాయి.

డేవ్ పగలబడి నవ్వాడు. గడ్డంలోని గింజలు టేబుల్ మీదకు రాలాయి.

"ఇక్కడ డబ్బా పగలగొట్టి, గప్‌చుప్‌గా అరలో పెట్టి పోయేవాళ్లే అందరూ. అడగ్గానే ఒప్పుకున్నవాణ్ణి నిన్నే చూశాను. సోమవారం నుంచి టీమ్ లీడ్‌వి నువ్వే."

నేను చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాను.

"కొత్తవాళ్లకి ఇన్‌స్ట్రక్షన్స్ చదివి వినిపించడం నీ మొదటి పని. చదవకపోతే ఏమవుతుందో నీకంటే బాగా ఎవరు చెప్పగలరు? ముందు ఆ సీలింగ్ తుడువు."

నిచ్చెనెక్కి, చేతిలో తడిగుడ్డతో, కెనడా సీలింగ్ సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో దోశపిండితో దోశలే వేస్తాను!